లావు అక్షరం, సన్న గీత

మా ప్రెస్సులో దాన్ని అందరూ లావు అక్షరం అంటారు. కంప్యూటరులో దానికొక ఇంగ్లీషు పేరుంది గానీ ఆ పేరు పలికినవాళ్లను నేను చూడలేదు. పెళ్లి పత్రిక వేయించుకోవడానికి వచ్చినవాళ్లు, మిఠాయి పెట్టె మీద అంగడి పేరు కావాలన్నవాళ్లు, గుమ్మానికి బోర్డు పెట్టుకునే వకీళ్లు, అందరూ గోడకు తగిలించిన మచ్చు కాగితాల్లో దాని మీదే వేలు పెడతారు. "ఇదే వెయ్యండి, గట్టిగా ఉండాది" అంటారు. నిజమే. దాని నిలువు గీతలు స్తంభాలంత లావు. ప్రతి స్తంభానికీ కింద ఒక పాదం ఉంటుంది. ఆ పాదాల మీద నిలబడి, కదిలేది లేదు పో అంటున్నట్టుంటుంది. పాదాలు లేకుండా, ఊదితే పడిపోయేలా ఉండే ఇప్పటి బక్క అక్షరాలంటే నాకు మొదటినుంచీ చిరాకే.

కానీ ఆ టైపు గుట్టు లావులో లేదు, సన్నంలో ఉంది. స్తంభాలను కలిపే గీతలు వెంట్రుకంత పలచన. ఇంగ్లీషు హెచ్‌లో రెండు స్తంభాల నడుమ ఉండే అడ్డగీత ఒట్టి దారప్పోగు. చూసేవాడి కంటికి ముందు లావు ఆనుతుంది, సన్నాన్ని మనసు పూరించుకుంటుంది. అందుకే పెద్ద సైజులో అది రాజాలా కనిపిస్తుంది. చిన్న సైజులో వేస్తే సగం అక్షరం మాయమవుతుంది. విజిటింగ్ కార్డు అడుగున ఫోన్ నంబరు కూడా అదే టైపులో కావాలని పట్టుబట్టినవాళ్లతో నేను ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు. నా నోరు చెడ్డదని మా ఓనరు పుదుచ్చేరి అంతా చెప్పుకున్నాడు. నేను తప్పు పోనివ్వనని కూడా ఆయనే చెప్పేవాడు.

మా ఊళ్లో ఒకే కాగితం మీద తమిళం, ఇంగ్లీషు, ఒక్కోసారి ఫ్రెంచి కూడా ఇరుక్కుని కూర్చోవాలి. ఇంట్లో తరతరాలుగా మేము మాట్లాడేది తెలుగు, కానీ మా వాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లు చాలా తక్కువ. నేను కూడా నలభై దాటాక, యానాం వాళ్ల పనులు వచ్చినప్పుడు, కోపం కొద్దీ కూర్చుని నేర్చుకున్నాను. అప్పుడు గమనించాను, మన అక్షరాలకు పాదాలు లేవు, తలకట్లే ఉన్నాయి. ఆ మాట నాయన ఉంటే ఆయనతో అనేదాన్ని. నాయన ఇదే ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు సీసం అక్షరాలు పేర్చాడు. లావు అక్షరాన్ని ప్రెస్సుకు అలవాటు చేసింది ఆయనే.

దానికి అన్నిటికన్నా ఎక్కువ పని పడేది చావు పోస్టర్లలో. మా వైపు ఎవరైనా పోతే తెల్లవారేసరికి గోడల మీద 'కణ్ణీర్ అంజలి', అంటే కన్నీటి నివాళి, అని పోస్టరు పడాలి. ఫొటో, పేరు, వయసు, పోయిన తేదీ, కింద అన్నిటికన్నా లావుగా దేహం ఇంటి నుంచి బయల్దేరే వేళ. ఆ వేళే ముఖ్యం, ఎందుకంటే మా ఆడవాళ్లు కాటికి పోరు. దేహం వీధి మలుపు తిరిగిందంటే ఆడవాళ్లకు ఇక ఆ ముఖం లేదు.

ఆ రోజు ఉదయం ఏడింటికి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. వాళ్ల నాన్న, మిల్లులో పనిచేసి రిటైరైన ఆయన, తెల్లవారుజామున పోయాడు. తెలుగువాళ్లే. పెద్దాయన కాగితం మీద అన్నీ రాసిచ్చాడు. సాయంత్రం మూడు గంటలకు బయల్దేరుతుంది అని దాని మీద స్పష్టంగా ఉంది. ఇలాంటి పనికి కొత్త ఫైలు ఎవరూ చేయరు. ముందురోజు వేసిన పోస్టరు ఫైలు తెరిచి, ఫొటో మార్చి, పేరు మార్చి, తేదీ మార్చి, వేళ మార్చాలి. ముందురోజు పోస్టరులో వేళ అయిదు గంటలు. నేను అన్నీ మార్చాను, దాన్ని మార్చలేదు. ఇంతవరకూ ఎవరైనా చేసే పొరపాటే.

ఆ తరువాత నేను చేసింది వేరు. ప్రూఫు తీసి, కిటికీ వెలుగులోకి పోయి, ఒక్కొక్క వరుస కింద వేలు పెట్టి పైకి చదివాను. వేళ దగ్గరికి వచ్చి "మూడు" అని నోటితో అన్నాను. అన్నదమ్ములు తలూపారు. పాపం, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లు వాళ్లవి, నన్ను నమ్మి తలూపారు. పోస్టరు ఫొటోను వాళ్ల ఫోనుకు పంపించాను. అక్కడి నుంచి అది చుట్టాలందరికీ పోయింది.

పదకొండు గంటలకు మా ఓనరు కాఫీ తాగడానికి బయటికి పోయినవాడు విసురుగా తిరిగొచ్చాడు. చేతిలో ఒక పోస్టరు ఉంది. "ఏమ్మా, వాళ్లు మూడని రాసిస్తే అయిదు వేసినావే?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మూడే వేసినాను సార్. నోటితో చదివి మరీ వేసినా" అన్నాను.

"కండ్లు పెట్టి చూడు" అని పోస్టరు నా బల్ల మీద పరిచాడు.

చూశాను. నాకు మూడే కనిపించింది.

దగ్గరికి తీసుకుని చూశాను, దూరం పెట్టి చూశాను. మూడే. ఎదురుగా నిలబడినవాడికి అయిదు కనిపిస్తోంది, నాకు మూడు కనిపిస్తోంది, ఇద్దరిలో ఒకరికి ఏదో అయింది. అది ఆయనకు కాదని నాకు తెలుస్తూనే ఉంది. "అవును సార్, పాత ఫైలు, మార్చడం మరిచిపోయినా" అన్నాను. ఆయన తిట్టాడు. ఇరవై ఆరేళ్ల కొలువులో మొదటిసారి ఆ తిట్లు నాకు హాయిగా అనిపించాయి, ఎందుకంటే ఆయన మతిమరుపును తిడుతున్నాడు, కళ్లను కాదు.

చిన్న చిన్న చదరాల్లో మూడు అంకె అచ్చువేసి, అంటించినవాళ్లనే మళ్లీ పంపి, ప్రతి గోడ మీదా అయిదు పైన అతికించాం. అన్నదమ్ముల ఫోనుకు సరిచేసిన పోస్టరు కూడా పంపించాం. అందరికీ అది చేరిందో లేదో ఎవరు చూస్తారు.

మధ్యాహ్నం ఓనరు భోజనానికి పోయాక నేను తప్పు పడ్డ ఉదయపు ఫైలు తెరిచాను. తెర మీద మూడే ఉంది. ఆ వరుసను పట్టుకుని టైపు మార్చాను, నాకు చిరాకైన బక్క అక్షరాల్లో ఒకదానికి. నేను చూస్తుండగానే ఆ మూడు అయిదుగా మారింది. మళ్లీ లావు టైపుకు తెచ్చాను. మూడయింది. మళ్లీ మార్చాను, అయిదు. చేతులు కీబోర్డు మీంచి తీసి ఒడిలో పెట్టుకున్నాను.

ఎందుకలా అవుతుందో టైపు తెలిసినదాన్ని కాబట్టి నాకు అర్థమైంది. ఈ లావు టైపులో మూడు తల గుండ్రంగా ఉండదు, అయిదు తలలాగే చదునుగా ఉంటుంది. రెండిటికీ పైన లావు పట్టీ, కింద లావు బొజ్జ. తేడా అంతా నడుములోనే. పట్టీ ఎడమ కొస నుంచి సన్న గీత నిలువుగా దిగితే అయిదు, కుడి కొస నుంచి ఏటవాలుగా దిగితే మూడు. ఆ సన్న గీత నాకు కనిపించడం లేదు. పైన పట్టీ, కింద బొజ్జ చూసి, మనసులో ఏ అంకె ఉంటే ఆ అంకెను నేనే పూరించుకుంటున్నాను. ఇంకెన్నిటిని ఇలా పూరించుకుంటున్నానో, ఎప్పటి నుంచో, నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మురుంగపాక్కంలో ఇంటికి చేరేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నా ముఖం చూసి, "కండ్లు అట్లా నులుముకుంటా ఉండావు ఏంది? కణ్ణాడి మార్చుకోరాదా?" అంది. కళ్లద్దాలు మార్చి ఆర్నెల్లు కూడా కాలేదు. నేను పక్కన కూలబడి, ఎందుకు అడిగానో తెలియదు, "అమ్మా, నాయనకు కండ్లు ఎట్లుండె?" అని అడిగాను.

అమ్మ చేతిలో కాయ ఆగింది. "ఇప్పుడు ఎందుకు అడగతా ఉండావు?"

"చెప్పు."

"ఆఖరి ఆరేండ్లు ఆయనకు కండ్లు యాడ కనపడినాయి పాపా. వేళ్లతో తడిమి తడిమి పని చేసినాడు. ఎవురికీ చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. నీకు కూడా చెప్పొద్దన్నాడు."

ఆ ఆరేళ్లూ నాకు గుర్తున్నాయి. అప్పుడు నేను ప్రెస్సులో కొత్తగా చేరాను. నాయన పేర్చే నోటీసులన్నీ రాను రాను లావైపోయాయి. పెళ్లికి, బారసాలకు, గుడి ఉత్సవానికి, అన్నిటికీ అదే టైపు. ఊరంతా మెచ్చుకున్నారు, మా ప్రెస్సుకు అదే గుర్తు అయింది. మచ్చు కాగితాల్లో ఇప్పటికీ అందరూ వేలు పెట్టేది అందుకే. ఒక మనిషి గుడ్డివాడవుతూ పట్టుకున్న ఊతాన్ని మేమంతా అభిరుచి అనుకున్నాం.

ఇంకా ముందు, నాకు ఎనిమిది తొమ్మిదేళ్లప్పుడు, నాయన నా చేత కళ్లు మూయించి అరచేతిలో ఒక సీసం అక్షరం పెట్టేవాడు. "ఇది ఏంది చెప్పు" అనేవాడు. నేను వేలితో పాదాలు తడిమి, స్తంభాలు తడిమి, చెప్పేదాన్ని. సరిగ్గా చెబితే నవ్వేవాడు. ఆట అనుకున్నాను. అప్పటికే ఆయనకు కళ్ల భయం పట్టుకుందో, నా కళ్ల గురించి భయపడ్డాడో, ఇప్పుడెవరిని అడగాలి? ఆయనకు వేళ్లయినా పనికొచ్చాయి. నాకు మిగిలింది గాజు తెర, దాన్ని తడిమితే ఏమీ తగలదు.

నాలుగు రోజుల తరువాత మా వీధి చివర కల్యాణ మండపంలో కంటి శిబిరం పెట్టారు. నేను కళ్లు నులుముకోవడం చూసి ఓనరే బలవంతంగా పంపాడు, "నీ కణ్ణాడి ఒకసారి చూపించుకో" అని. పోయాను. గోడకు తగిలించిన పటంలో పాదాలున్న లావు అక్షరాలు, మా టైపుకు దగ్గర చుట్టాలు. పై వరుసలు బాగానే చదివాను. కింద వరుసల్లో అక్షరాల నడుములు కరిగిపోయాయి. అయినా చదివేశాను. రెండు స్తంభాలు, నాలుగు పాదాలు, ఈ వెడల్పు, అయితే హెచ్. ఒక స్తంభం, పైన బరువు, అయితే పీ. పరీక్ష చేస్తున్న అమ్మాయి "బాగుంది, నెక్స్ట్" అని కాగితం మీద టిక్కు కొట్టింది. నేను గెలిచినట్టు బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చూడలేదు, ఊహించాను. నాయన నేర్పిన ఆటే ఆడాను, అదీ కళ్లు చూపించుకోవడానికి పోయి.

ఆ పోయిన మిల్లు ఆయన కర్మ దగ్గరపడింది. పన్నెండో రోజు పగటిపూట ఒకావిడ ప్రెస్సుకు వచ్చింది. నలభై ఉంటాయేమో, ఏంబలం బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన ముఖం. ఓనరు లోపల కాగితం కట్టలు చూసుకుంటున్నాడు. ఆవిడ తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, "అక్కా, చావు పోస్టర్లు వేసేది నువ్వేనా?" అంది.

తాను ఆ మిల్లు ఆయన కూతురినని చెప్పింది. పదిహేనేళ్ల కిందట ఇంట్లో వద్దన్న పెళ్లి చేసుకుందట. అప్పటి నుంచి వాళ్ల నాయన మాట్లాడలేదు, అన్నలు గడప తొక్కనివ్వలేదు. నాయన పోయిన సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. చుట్టాల్లో ఎవరో ఈ పోస్టరు ఫోనుకు పంపారు. ముందుగా పోతే రభస అవుతుందని, సరిగ్గా దేహాన్ని లేపే ముందు, జనంలో ఒకదానిగా నిలబడి ముఖం చూసి వచ్చేద్దామనుకుంది.

"నాలుగున్నరకు పోయినా అక్కా. వాకిలి కడగతా ఉండారు. అప్పటికే లేసిపోయి ఉండాది. గోడ మీద చూస్తే మూడు. నా ఫోన్లో చూస్తే అయిదు. నన్ను రానీకుండా చెయ్యాలని మా అన్నగాళ్లు రెండు పోస్టర్లు వేయించినారు. అంతే కదా? నువ్వు ఆ ఒక్క మాట చెప్పు చాలు. రేపు కర్మ నాడు పోయి, నలుగురిలో వాళ్ల ముఖాన ఊంచి, జన్మకు వాళ్లు లేరనుకుని తలకు నీళ్లు పోసుకుంటా."

అవునంటే చాలు, అసలు నేను నోరు విప్పకపోయినా చాలు, ఆమె వెళ్లిపోతుంది. నా కళ్ల సంగతి ఎవరికీ తెలియదు. ఆ ఇద్దరన్నలు మాత్రం చేయని పాపం మోస్తారు. నా ఉద్యోగం, అమ్మ, నా బల్ల, ఇరవై ఆరేళ్లు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. అంత భయం నాకు జన్మలో ఎప్పుడూ వేయలేదు.

"పాత ఫైలు వల్ల జరిగిన పొరపాటేమో అమ్మా" అన్నాను మెల్లగా. అర్ధసత్యంతో బయటపడదామని చూశాను.

"పొరపాటా? చదివి చూసి కదా వేస్తారు? ఇంత లావు అంకె కండ్లకు కనపడకుండా పోతుందా?" అని ఫోను నా ముఖం ముందు పెట్టింది. వేళ దగ్గర వేళ్లతో పెద్దది చేసింది. "ఇది ఏంది చెప్పు."

నాయన మాట అది. అవే మూడు మాటలు.

చూశాను. పైన పట్టీ, కింద బొజ్జ. నడుమ ఏమీ లేదు. అది అయిదని నాకు తెలుసు, ఆమె ఫోన్లో ఉన్నది అయిదేనని ఆమే చెప్పింది, "అయిదు" అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు కనిపించడం లేదమ్మా" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. "ఆ అంకె మూడో అయిదో నాకు ఇప్పుడు కూడా కనిపించడం లేదు. ఆ రోజు కూడా కనిపించలేదు. మూడు అనుకుని చదివినా. మీ అన్నలు మూడనే రాసిచ్చినారు. నేను పైకి చదివితే నమ్మినారు. రెండో పోస్టరు వాళ్లు వేయించింది కాదు, నా తప్పు కప్పడానికి మేము అతికించింది. మా నాయనకు ఇట్లే కండ్లు పోయినాయి. నాకూ పోతా ఉండాయి. ఎవరికీ చెప్పలేదు, భయపడి."

ఆమె ఫోను దించింది. "అంటే మా అన్నలు కాదా?" అంది చిన్న గొంతుతో.

"కాదు."

"పన్నెండు రోజులుగా వాళ్లను శపించుకుంటా ఉండా" అంది. తరువాత ఆమె ముఖం నా వైపే తిరిగి గట్టిపడింది. "నీకు అంకె కనపళ్లేదు. దాంతో నాకు మా నాయన ముఖం కనపడకుండా పోయె." తిట్టలేదు, అరవలేదు. ఆ మాట అని, కొంగుతో ముఖం తుడుచుకుని, ఎండలోకి వెళ్లిపోయింది. మరునాడు కర్మకు పోయిందో లేదో నాకు తెలియదు. పోయి ఉండాలని కోరుకుంటాను.

వెనక్కి తిరిగితే లోపలి గుమ్మంలో ఓనరు నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో. కోప్పడతాడనుకున్నాను. "రేపు పనికి రావద్దు. పెద్దాసుపత్రికి పో. తరువాత సంగతి తరువాత చూస్తాం" అన్నాడు. ఆయన గొంతు మెత్తగా ఉంది. ఆయన తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మరునాడు ఆసుపత్రిలో అమ్మ పక్కన కూర్చుంటానంది, నేనే బయట ఉండమన్నాను. చీకటి గదిలో ఎదురుగా వెలిగే పటం. అవే పాదాలున్న అక్షరాలు. డాక్టరమ్మ ఒక కన్ను మూయించి, పుల్లతో పై నుంచి ఒక్కొక్కటే చూపిస్తూ వచ్చింది. చదువుతూ వచ్చాను. అయిదో వరుసలో పుల్ల ఒక అక్షరం దగ్గర ఆగింది.

"ఇది?"

రెండు స్తంభాలు, నాలుగు పాదాలు. వెడల్పు తెలుసు. అది హెచ్ అని నాకు తెలుసు, నాయన అరచేతిలో పెట్టిన రోజు నుంచి తెలుసు.

"కనిపించడం లేదు" అన్నాను.